గెలిస్తే గానీ రాని అనుమానం

2021 ఆగస్టులో నైరోబీలో ఇరవై ఏళ్ల లోపు వాళ్ల ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. అమ్మాయిల 200 మీటర్ల పరుగులో నమీబియాకి చెందిన క్రిస్టీన్ ఎంబోమా 21.84 సెకన్లలో మొదటి స్థానంలో వచ్చింది. అదే దేశపు బియాట్రిస్ మసిలింగి రెండో స్థానంలో వచ్చింది. ఇద్దరికీ పద్దెనిమిదేళ్లు. నిజానికి ఇద్దరూ 400 మీటర్ల పరుగుకి తయారైన పిల్లలు. ఆ జూన్ 30న పోలండ్‌లో ఎంబోమా 400 మీటర్లు 48.54 సెకన్లలో పరిగెత్తింది. రెండు రోజులు తిరగకుండానే, టోక్యో ఒలింపిక్స్ మూడు వారాల్లో ఉన్నాయనగా, ఇద్దరికీ ఆ పరుగులో పాల్గొనే అర్హత లేదన్న వార్త వచ్చింది. కారణం, వాళ్ల శరీరాల్లో సహజంగా ఉన్న టెస్టోస్టిరాన్ స్త్రీలకి నిర్ణయించిన హద్దు దాటిందట. పద్దెనిమిదేళ్ల పిల్లల రక్తంలో ఏముందో లోకమంతా పేపర్లో చదివింది. మందులతో తగ్గించుకోవాలి, లేదా దూరం మార్చుకోవాలి. వాళ్లు దూరం మార్చుకున్నారు. టోక్యోలో 200 మీటర్లలో ఎంబోమాకి వెండి పతకం వచ్చింది. నమీబియా స్త్రీకి ఒలింపిక్ పతకం రావడం అదే మొదటిసారి. వెంటనే పోలండ్ మాజీ పరుగుల వీరుడొకాయన ఆమె ఆడదో కాదో గట్టిగా పరీక్షించి తేల్చాలన్నాడు.

సాహిత్యంలో పరిశోధన చేసినదానికి పరుగు పందాల సంగతి ఎందుకని ఈ పత్రిక పాఠకులు అడగొచ్చు. నేను పందాల గురించి రాయడం లేదు, మాటల గురించి రాస్తున్నాను. క్రీడా సంస్థల నిబంధనల్లో పదే పదే కనిపించే మాటలు కొన్ని ఉన్నాయి: రక్షణ, న్యాయం, అర్హత. స్త్రీల చరిత్ర చదివిన ఎవరికైనా ఇవి పాత పరిచయస్తులే. స్త్రీల రక్షణ పేరుతో స్త్రీలకి ఏమేం చేశారో మన వ్యాసాల్లో, కథల్లో ముప్ఫై నలభై ఏళ్లుగా రాసుకుంటూనే ఉన్నాం. ఆ మాట మైదానంలోకి వచ్చేసరికి మాత్రం ఎందుకో నోరు మెదపడం లేదు.

ముందు ఈ అనుమానం ఎప్పుడు పుడుతుందో చూద్దాం. 2008లో మన పుణెలో కామన్వెల్త్ యువజన క్రీడలు జరిగాయి. 800 మీటర్లలో దక్షిణాఫ్రికా పిల్ల కాస్టర్ సెమెన్యా 2 నిమిషాల 4.23 సెకన్లలో బంగారు పతకం గెలిచింది. ఆమె శరీరం అప్పుడు ప్రపంచానికి సమస్య కాలేదు. 2009 జులైలో మారిషస్‌లో ఆఫ్రికా జూనియర్ పోటీల్లో అదే దూరం 1 నిమిషం 56.72 సెకన్లలో పరిగెత్తింది. మరుసటి నెల బెర్లిన్‌లో ప్రపంచ పోటీల ఫైనల్‌కి కొన్ని గంటల ముందు ఆమె స్త్రీత్వం మీద పరీక్షలన్న వార్త బయటికి పొక్కింది. పుణెలో ఉన్నదీ బెర్లిన్‌లో ఉన్నదీ ఒకే శరీరం. మారింది గడియారం ఒక్కటే. నెమ్మదిగా ఉన్నంతకాలం ఏ ఆడపిల్లా తాను ఆడపిల్లనని రుజువు చేసుకోనక్కర్లేదు. రుజువు అడిగేది గెలిచిన తర్వాతే.

సీత అగ్నిపరీక్షతో దీన్ని పోల్చడం తేలిక. కానీ అక్కడ శంకించింది శీలాన్ని. సీత స్త్రీయేనా అని రాముడు కూడా అడగలేదు. ఆ ప్రశ్న ఇరవయ్యో శతాబ్దం కనిపెట్టింది.

ఎలా కనిపెట్టిందో గుర్తుచేసుకోవడం అవసరం. ఒలింపిక్స్‌లో స్త్రీలని పరుగు పందాలకి రానిచ్చింది 1928లో, ఆమ్‌స్టర్‌డామ్‌లో. మొట్టమొదటి 100 మీటర్ల పందెం గెలిచిన బెట్టీ రాబిన్సన్‌కి పదహారేళ్లు. అదే ఒలింపిక్స్‌లో 800 మీటర్లు పరిగెత్తిన స్త్రీలు అలసి పడిపోయారని పత్రికలు గగ్గోలు పెడితే, వాళ్ల సున్నితమైన శరీరాల రక్షణ కోసం ఆ పందాన్ని 1960 దాకా తీసేశారు. అప్పుడు స్త్రీ బలహీనురాలని ఆపారు. తర్వాత స్త్రీ ఇంత బలంగా ఉండకూడదని ఆపడం మొదలుపెట్టారు. 1966లో బుడాపెస్ట్ యూరోపియన్ పోటీల్లో క్రీడాకారిణులని వైద్యుల ముందు నగ్నంగా నడిపించారు. 1968 ఒలింపిక్స్ నుంచి క్రోమోజోముల పరీక్ష వచ్చింది. 1985లో కోబేలో విశ్వవిద్యాలయ క్రీడలకి వెళ్లిన స్పెయిన్ హర్డిల్స్ క్రీడాకారిణి మరియా హోసె మార్తినెస్ పాతిన్యో ఆ పరీక్షలో తప్పింది. గాయమైనట్టు నటించి తప్పుకోమంటే ఒప్పుకోలేదు. ఆమె ఫలితాన్ని పత్రికలకి ఎక్కించారు. స్కాలర్‌షిప్ పోయింది, పెళ్లి చేసుకోవలసినవాడు పోయాడు. పోరాడి 1988లో తిరిగి అర్హత తెచ్చుకుంది. ఆమె శరీరం టెస్టోస్టిరాన్‌ని అసలు వాడుకోలేదు! పరీక్ష చెప్పిందొకటి, శరీరం చెప్పిందొకటి. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో 3387 మందిని పరీక్షిస్తే 8 మందికి తేడా వచ్చింది. ఆ ఎనిమిది మందినీ స్త్రీలుగానే ఆడనిచ్చారు. 1999లో ఒలింపిక్ కమిటీ ఈ సామూహిక పరీక్షలకి స్వస్తి చెప్పింది.

అక్కడితో అయిపోలేదు. అందరినీ పరీక్షించడం మానేసి, 'అనుమానం ఉన్నవాళ్లని' పరీక్షించడం మొదలైంది. అనుమానించే కళ్లు ఎవరివి? ఏ రంగు, ఏ ఒడ్డూ పొడుగూ, ఏ గొంతు స్త్రీదని ఆ కళ్లు నమ్ముతాయి? 2014 జూన్‌లో తైపేలో ఆసియా జూనియర్ పోటీల్లో 200 మీటర్లలోనూ, 4×400 రిలేలోనూ బంగారు పతకాలు గెలిచిన ద్యుతీ చంద్‌ని అడిగితే చెబుతుంది. ఒడిశాలోని జాజ్‌పూర్ జిల్లాలో నేతపనివాళ్ల ఇంటి పిల్ల. అప్పుడు పద్దెనిమిదేళ్లు. తైపే నుంచి వచ్చిన కొద్ది వారాల్లోనే పరీక్షలు చేసి, గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల జట్టులోంచి తీసేశారు. ఆమె తలవంచుకుని ఊరికి పోలేదు, అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్లింది. 2015 జులైలో ఆ న్యాయస్థానం, ఎక్కువ టెస్టోస్టిరాన్ వల్ల ఎంత లాభమో సమాఖ్య రుజువు చేయలేకపోయిందని, నియమాన్ని రెండేళ్లపాటు పక్కన పెట్టించింది. ఆ తర్వాత ద్యుతీ మన హైదరాబాదులోనే నాగపురి రమేశ్ దగ్గర శిక్షణ పొందింది, 2018 ఆసియా క్రీడల్లో రెండు వెండి పతకాలు తెచ్చింది. 2023లో నిషేధిత మందుల కేసులో ఆమెకి నాలుగేళ్ల నిషేధం పడింది కదా అని ఎవరైనా అనవచ్చు. పడింది. మందు వాడడం ఒక చర్య, దానికి శిక్ష ఉంటుంది. పుట్టుకతో వచ్చిన శరీరం చర్య కాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడమే ఈ నియమాల అసలు దోషం.

తెలుగులో దీనికి పరీక్షా పరికరాలు అక్కర్లేదు, ఒక మాట ఉంది: మగరాయుడు. నేను చదివిన జిల్లా పరిషత్ హైస్కూల్లో నా కంటే ఒక తరగతి పైన ఉన్న అమ్మాయి మగపిల్లల్ని దాటి పరిగెత్తేది. మెచ్చుకున్నవాళ్లూ మగరాయుడనే అన్నారు, తిట్టినవాళ్లూ అదే అన్నారు. తొమ్మిదో తరగతికి వచ్చేసరికి ఆ పిల్ల పరుగు మానేసింది. ఏ ప్రయోగశాలా ఆమెని ఆపలేదు. ఆడపిల్ల బలంగా ఉంటే ఆ బలం మగవాడి దగ్గర అరువు తెచ్చుకున్నదై ఉండాలన్న నమ్మకం ఆపింది. అంతర్జాతీయ సమాఖ్య ఆ నమ్మకానికే నానోమోల్స్‌లో కొలత కట్టింది.

ఈమధ్య ఒక సదస్సు భోజన విరామంలో, స్త్రీవాదం చదువుకున్న స్నేహితురాలే నాతో అంది: "స్త్రీల విభాగం అంటూ ఉన్నాక ఎక్కడో ఒక గీత గీయాలి కదా. గీయకపోతే నష్టపోయేది మామూలు ఆడపిల్లలే." ఇది కొట్టిపారేయవలసిన మాట కాదు. స్త్రీల విభాగం పోరాడి తెచ్చుకున్నది, దాన్ని పోగొట్టుకోమని నేను చెప్పను. టెస్టోస్టిరాన్‌కీ కండబలానికీ సంబంధం లేదనీ అనను. నేను అడిగేది గీత గీసినవాళ్లు చూపించిన ఆధారం గురించి. 2017లో సమాఖ్య శాస్త్రవేత్తలు ప్రచురించిన అధ్యయనంలో 400, 400 హర్డిల్స్, 800 మీటర్లతో పాటు హ్యామర్ త్రో, పోల్ వాల్ట్‌లలో కూడా సంబంధం కనిపించింది. 2018 నియమంలో మాత్రం ఆ చివరి రెండూ లేవు. అధ్యయనంలో సంబంధం కనిపించని 1500 మీటర్లు ఉంది. సరిగ్గా నైరోబీ పోటీలు జరిగిన 2021 ఆగస్టులోనే ఆ రచయితలు తమ వ్యాసానికి దిద్దుబాటు ప్రచురించారు: కార్యకారణ సంబంధం తేల్చినట్టు ధ్వనించడం తప్పుదారి పట్టించి ఉండవచ్చునని. దిద్దుబాటు వచ్చాక నియమం సడలాలి. 2023 మార్చిలో దాన్ని అన్ని పరుగులకీ, అన్ని అంశాలకీ విస్తరించారు. హద్దుని లీటరుకి 5 నానోమోల్స్ నుంచి 2.5కి దించారు, రెండేళ్లపాటు ఆ లోపే ఉండాలన్నారు. 400 వద్దంటే 200కి వెళ్లిన పిల్లలకి ఆ దారీ మూసేశారు. ఇంతకీ ఎవరూ అందుకోలేరన్న ఆ బలం టోక్యోలో ఏమైంది? 200 మీటర్లలో ఎంబోమాని జమైకా స్త్రీ ఎలైన్ థాంప్సన్ హెరా ఓడించింది. మసిలింగి ఆరో స్థానంలో వచ్చింది.

"తగ్గించుకోండి" అన్న సలహా ఎంత దూరం వెళ్లగలదో కూడా మనకి తెలుసు. 2013లో ఒక వైద్య పత్రికలో ఫ్రాన్స్ వైద్యులు నలుగురు క్రీడాకారిణుల గురించి రాశారు. వయసు 18 నుంచి 21. అందరూ వర్ధమాన దేశాల పల్లెల నుంచో కొండ ప్రాంతాల నుంచో వచ్చినవాళ్లు. శరీరం లోపలి గ్రంథులని అలాగే ఉంచితే ఆరోగ్యానికి ప్రమాదం లేదని ఆ వైద్యులే ఒప్పుకున్నారు. అయినా తీసేశారు, క్లిటోరిస్‌లో కొంత భాగాన్నీ కోసేశారు. క్లిటోరిస్ కొయ్యడానికీ పరుగు వేగానికీ ఏం సంబంధం? జననాంగాల కోత ఆఫ్రికా పల్లెలో జరిగితే అనాగరికం అంటాం. ఐరోపా ఆసుపత్రిలో తెల్లకోట్ల చేతుల్లో జరిగితే న్యాయమైన పోటీ అంటున్నారు.

2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త నియమం వచ్చింది. ప్రపంచ స్థాయి పోటీల్లో స్త్రీల విభాగంలో పాల్గొనాలంటే బుగ్గ లోపలి నుంచి నమూనా గానీ రక్తం గానీ ఇచ్చి, ఎస్.ఆర్.వై. జన్యువు లేదని జీవితంలో ఒకసారి నిరూపించుకోవాలి. అందరికీ ఒకటే పరీక్ష కనుక ఇందులో వివక్ష లేదంటున్నారు. మగపిల్లలెవరూ ఇవ్వని పరీక్ష అందరికీ ఒకటి ఎలా అవుతుంది? ఆ జన్యువుని 1990లో కనిపెట్టినవాళ్లలో ఒకరైన ఆండ్రూ సింక్లెయిరే, అది ఉందో లేదో చూసి స్త్రీపురుషులని తేల్చడం కుదరదని రాశాడు. వైద్య అవసరం లేని జన్యు పరీక్షని ఫ్రాన్స్ చట్టం తన నేల మీద అనుమతించదు. మన దేశంలో ఏ గురుకుల పాఠశాలలోనో, క్రీడా హాస్టల్లోనో ఉండే పదిహేడేళ్ల పిల్లకి ఆ కాగితంలో ఏముందో ఎవరు చదివి చెబుతారు? ఫలితం తేడాగా వస్తే ముందు ఎవరికి తెలుస్తుంది? ఆమెకా, కోచ్‌కా, ఊళ్లో పెళ్లి సంబంధం చూస్తున్నవాళ్లకా? 2006 దోహా ఆసియా క్రీడల తర్వాత తమిళనాడు దళిత క్రీడాకారిణి శాంతి సౌందరరాజన్ తన పరీక్ష సంగతి ప్రసార మాధ్యమాల ద్వారా దేశమంతటితో పాటు విన్నది. పతకం పోయింది. బతకాలన్న ఆశా కొన్నాళ్లు పోయింది.

అందుకని నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లలకి ఈ పరీక్షలు పూర్తిగా మానెయ్యాలి. పెద్దవాళ్లకి కూడా, కాదంటే ఆట పోతుందన్న బెదిరింపు మధ్య పెట్టించిన సంతకాన్ని సమ్మతి అనకూడదు. ఫలితం ఆమెది తప్ప మరెవరిదీ కాకూడదు. ఆరోగ్యానికి అవసరం లేని మందుని, కత్తిని ఏ క్రీడా సంస్థా షరతుగా పెట్టకూడదు. గీత గీసే గదిలో ఆ గీత ఎవరి మీద పడుతుందో ఆ స్త్రీలు కూర్చోవాలి. మనలో కథలు రాసేవాళ్లం, పాఠాలు చెప్పేవాళ్లం ఉన్నాం. స్త్రీ శరీరం మీద హక్కు గురించి ఇన్నేళ్లు రాశాం. ఆ హక్కు గర్భసంచి దగ్గరే ఆగిపోదు, పిక్కలకీ ఊపిరితిత్తులకీ కూడా వర్తిస్తుంది. మన పేరు చెప్పి, మన రక్షణ కోసమని ఈ పరీక్షలు నడుస్తున్నప్పుడు, ఆ రక్షణ మాకు అక్కర్లేదని చెప్పవలసింది ముందు మనమే.