టెల్కో లారీ, మహీంద్రా బైకు

జంషెడ్‌పూర్‌లో టెల్కో 1945లో రైలింజన్ల కోసం మొదలైంది. 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్ తోడుతో లారీల తయారీకి దిగింది. కంపెనీ టాటా మోటార్స్‌గా మారి ఇరవై ఏళ్లు దాటినా, ఊళ్లోవాళ్లకు ఆ కార్ఖానా, దాన్ని ఆనుకున్న కాలనీ ఇప్పటికీ టెల్కోయే. 2009లో విడుదలైన ప్రైమా లారీ తయారయ్యేది ఇక్కడే.

2014 మార్చి 23న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో పన్నెండు ప్రైమాలు పందేనికి దిగాయి. అంతకు అయిదు నెలల ముందే ఆ ట్రాక్ మీద ఫార్ములా వన్ ఆఖరి ఇండియన్ గ్రాండ్ ప్రి ముగిసింది. తొలి ఏడాది స్టీరింగ్ పట్టినవాళ్లు విదేశీయులు. ఘాట్ రోడ్లలో నిండు లోడుతో లారీ దించే డ్రైవర్లున్న దేశంలో ఇదొక విడ్డూరం. తర్వాత కంపెనీయే మన లారీ డ్రైవర్లను ఏరి శిక్షణ ఇచ్చింది. 2016లో వాళ్లూ ట్రాక్ ఎక్కారు. 2017 దాకా సాగిన నాలుగు సీజన్లలో మెచ్చుకోదగ్గ పని అదే. బరిలో ఉన్నవన్నీ ప్రైమాలే కాబట్టి, ఎవరు ముందొచ్చినా గెలుపు టాటాదే.

అదే కాలంలో మహీంద్రా కష్టమైన దారి పట్టింది. 2011లో మోటార్‌సైకిల్ గ్రాండ్ ప్రి 125 సీసీ తరగతిలో చేరింది. భారతీయ కంపెనీ ఒకటి ఆ ప్రపంచ పోటీలో తయారీదారుగా నిలవడం అదే మొదలు. ఆ ఏటి చివరి రేసుకు వాలెన్సియాలో డానీ వెబ్ పోల్ పొజిషన్ సాధించాడు. మరుసటి ఏడు టూ-స్ట్రోక్ 125లను తీసేసి, 250 సీసీ సింగిల్ సిలిండర్ ఫోర్-స్ట్రోక్ బైకులతో మోటో3 తరగతి పెట్టారు. ఇటలీ సంస్థ ఓరల్ ఇంజన్‌తో వచ్చిన మహీంద్రా బైకు హోండా, కేటీఎంల ముందు తేలిపోయింది. కంపెనీ వెనక్కి తగ్గలేదు. స్విట్జర్లాండ్ సంస్థ సుటర్‌తో 2013కు కొత్త బైకు చేయించింది. దాని మీద మిగెల్ ఒలివేరా సెపాంగ్‌లో మూడో స్థానం తెచ్చాడు.

2016 జూన్ 26న అసెన్‌లో ఫ్రాన్సెస్కో బన్యాయా మహీంద్రాకు తొలి గెలుపు అందించాడు. అక్టోబర్‌లో సెపాంగ్‌లో మళ్లీ గెలిచాడు. మధ్యలో బ్ర్నోలో జాన్ మెక్‌ఫీని గెలిపించిన ప్యూజో బైకు కూడా పేరు మార్చుకున్న మహీంద్రాయే. బైకుల నిర్మాణమంతా యూరప్‌లోనే జరిగిందన్నది నిజం. అయినా ఓటమికి సిద్ధపడి పోటీకి వెళ్లింది మహీంద్రాయే. బన్యాయా, అతని సహచరుడు హోర్హే మార్టిన్ వేరే జట్లకు వెళ్లిపోయాక, 2017 చివర కంపెనీ తప్పుకుంది. బన్యాయా 2022, 2023లలో, మార్టిన్ 2024లో అగ్ర తరగతి మోటోజీపీలో ప్రపంచ విజేతలయ్యారు.

లారీలకూ అలాంటి పోటీ ఉంది. యూరోపియన్ ట్రక్ రేసింగ్‌లో మాన్, ఇవెకో లారీలు గంటకు 160 కిలోమీటర్ల పరిమితిలో తలపడతాయి. వేడెక్కే బ్రేకుల మీద నీళ్లు చిమ్ముకుంటూ మలుపులు తిరుగుతాయి. జంషెడ్‌పూర్ లారీ సత్తా తేలాల్సింది అక్కడే. టాటా మోటార్స్ ఒక్క సీజన్‌కైనా ప్రైమాను ఆ బరిలోకి పంపాలి.