మాత్ర పసుపు వేరు, దాహం పసుపు వేరు

టాటానగర్‌లో ఎండాకాలం ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. ఉక్కు కర్మాగారంలో కొలిమి దగ్గర పనిచేసేవారికి వేడి అంతకు మించి ఉంటుంది. ఇలాంటి పనివారికి వైద్యులు ఒక తేలికైన గుర్తు చెబుతుంటారు. మూత్రం లేత పసుపుగా ఉంటే ఒంట్లో నీరు సరిపోయినట్టు, ముదురుగా మారితే తగ్గినట్టు. మంచి సలహానే. కానీ నీరసం తగ్గాలని రోజూ బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకునేవారిని ఈ గుర్తు తప్పుదారి పట్టించవచ్చు. ఆ హెచ్చరిక కూడా సలహాతోపాటే అందాలి.

మూత్రానికి సహజంగా పసుపు రంగునిచ్చేది యూరోబిలిన్. పాత ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమైనప్పుడు వచ్చే బిలిరుబిన్ నుంచి, పేగుల్లోని బ్యాక్టీరియా వల్ల ఇది ఏర్పడుతుంది. ఒంట్లో నీరు తగ్గితే మూత్రం చిక్కబడి రంగు ముదురుతుంది. మాత్ర తెచ్చే పసుపు మాత్రం విటమిన్ బి2, అంటే రైబోఫ్లేవిన్‌ది. ఇది నీలి కాంతిని పీల్చుకుని పసుపు-ఆకుపచ్చ కాంతిని వెలువరిస్తుంది. ఆ మూత్రం మెరుస్తున్నట్టు కనిపించేది అందుకే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫార్సుల ప్రకారం పురుషులకు రోజుకు కావలసిన బి2, పనిని బట్టి సుమారు 2 నుంచి 3 మిల్లీగ్రాములు. బజారులో దొరికే కొన్ని బి-కాంప్లెక్స్ మాత్రల్లో 10 మిల్లీగ్రాములు ఉంటుంది. శరీరం దీన్ని పెద్దగా దాచుకోదు. మిగిలినదాన్ని మూత్రపిండాలు కొన్ని గంటల్లోనే బయటకు పంపేస్తాయి. కాబట్టి ఆ రంగు జబ్బుకు గుర్తు కాదు, బలం వచ్చిందనడానికి రుజువూ కాదు.

చిక్కు ఎక్కడంటే, ఆ రంగు చూసి కొందరు అనవసరంగా భయపడతారు. ఇంకొందరు నిజంగానే నీరు తగ్గినా ‘మాత్ర రంగేలే’ అని ఊరుకుంటారు. వడదెబ్బకు దారితీసేది ఈ రెండో పొరపాటే.

మాత్ర వేసుకున్న కొన్ని గంటలపాటు రంగును లెక్కలోకి తీసుకోకూడదు. మూత్రం ఎన్నిసార్లు, ఎంత వచ్చిందో చూసుకోవాలి. దాహం, తలతిరుగుడు, కండరాలు పట్టేయడం గమనించాలి. షిఫ్టుకు ముందూ తర్వాతా బరువు చూసుకుంటే ఇంకా మంచిది. కిలో తగ్గితే దాదాపు లీటరు నీరు పోయినట్టే. టీ డికాక్షన్ రంగులో వస్తే అది బి2 పని కాదు. కామెర్లు కావచ్చు, వేడికి కండరాలు దెబ్బతిని ఉండవచ్చు. వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లాలి.

పనిచోట్ల మూత్రం రంగుల పట్టిక పెడితే, దాని కింద ‘విటమిన్ మాత్ర వేసుకున్నారా? అయితే రంగును నమ్మకండి’ అన్న మాటలు హిందీలోనూ, ఇక్కడ తరాలుగా స్థిరపడిన మనవారి కోసం తెలుగులోనూ రాయాలి. ఖర్చు లేని పని. కాపాడేది మాత్రం ప్రాణాలను.