మిల్లీమీటర్లలో నొప్పి

కొత్త ల్యాప్‌టాప్ కొన్నవారు మొదటి వారం దాని తేలికదనం గురించి చెబుతారు. రెండో వారం బ్యాటరీ గురించి. మూడో వారానికి కొందరు మణికట్టు రుద్దుకుంటూ కనిపిస్తారు. యంత్రం ఎంత పలచనైతే అంత గొప్ప అని కంపెనీలు మనల్ని నమ్మించాయి. ఆ పలచదనాన్ని ఎక్కడి నుంచి తీశారని మాత్రం మనం అడగలేదు. అందులో కొంత కీబోర్డు నుంచే తీశారు.

డెస్క్‌టాప్‌కు తగిలించే మెకానికల్ కీబోర్డులో మీట సాధారణంగా 4 మిల్లీమీటర్లు దిగుతుంది. సగం దిగేసరికే అక్షరం పడుతుంది. మిగతా సగం వేలు తన ఊపు తగ్గించుకోవడానికి దొరికే జాగా. ఇప్పటి పలుచని ల్యాప్‌టాప్‌లో మీట మొత్తం ప్రయాణమే ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటరు. అక్షరం పడిందని తెలిసేలోగానే వేలు అడుగున గట్టి పలకకు తగులుతుంది. పాత అలవాటుతో బలంగా కొట్టేవారికి అది రోజంతా వేళ్లతో బల్లను మోదినట్టే. 2015లో యాపిల్ సంస్థ ఒక మ్యాక్‌బుక్‌లో ఈ లోతును సుమారు అర మిల్లీమీటరుకు దించింది. మీటలు ఇరుక్కుపోతున్నాయని గొడవ రేగడంతో 2018లో ఉచిత మరమ్మతులు ప్రకటించి, 2019లో పెద్ద మోడల్‌తో మళ్లీ 1 మిల్లీమీటరుకు వచ్చింది. 2022లో అమెరికాలో 5 కోట్ల డాలర్లకు రాజీ పడింది. ఆ దావా ఇరుక్కుపోయే మీటల గురించి. మణికట్టు దాకా అది రాలేదు.

అయితే నేరమంతా మీట లోతు మీదకు తోసేయడం సరికాదు. లోతు తక్కువైతే తేలిగ్గా తాకినా చాలు కనుక, చెయ్యి అలవాటైన వారికి అది సుఖంగానే ఉంటుంది. చిక్కంతా చెయ్యి ఆనించే తీరులో ఉంది. టైప్ ఇన్‌స్టిట్యూట్లో లోయర్, హయ్యర్ పాసైన పెద్దవారిని అడిగి చూడండి. మణికట్టు యంత్రానికి ఆనకూడదన్నది మాస్టారు చెప్పే తొలి పాఠాల్లో ఒకటి. రెమింగ్టన్, గోద్రెజ్ మీటలు నొక్కాలంటే వేలికి ఎత్తు నుంచి ఊపు కావాలి. అందుకే ముంజేయి గాలిలో నిలిచేది. లైను అయిపోగానే క్యారేజీని తోయాలి, పేజీ నిండగానే కాగితం మార్చాలి. ఆ చిన్న పనులే చేతికి విశ్రాంతి. ల్యాప్‌టాప్‌లో మీటల ముందు చదునైన జాగా ఒకటుంది. చెయ్యి దానిమీద వాలిపోతుంది, మణికట్టు వెనక్కి వంగుతుంది, అంచు అరచేతి మొదట్లో ఒరుసుకుంటుంది.

మణికట్టు లోపల ఒక ఇరుకు సొరంగం ఉంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులు, వాటితోపాటు మీడియన్ నరం అందులోంచే పోతాయి. చెయ్యి వెనక్కి వంగినకొద్దీ ఆ నరం మీద ఒత్తిడి పెరుగుతుంది. అలాగని నొప్పి వచ్చిన ప్రతివారూ తమకు కార్పల్ టన్నెల్ జబ్బేనని తీర్మానించుకోనక్కర్లేదు. 2003లో వెలువడిన డెన్మార్క్ అధ్యయనం ఒకటి కీబోర్డు వాడకానికీ ఆ జబ్బుకూ గట్టి సంబంధం చూపలేకపోయింది. ఎక్కువ మందికి వచ్చేది కండరాల, స్నాయువుల అలసట. చేయి తీరు మార్చి, మధ్యమధ్య ఆపితే చాలామందికి తగ్గుతుంది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కి రాత్రి నిద్రలేపుతుంటే మాత్రం డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. మధుమేహం, థైరాయిడ్ లోపం, గర్భం కూడా దానికి కారణాలు కావచ్చు.

తెలుగులో టైపు చేసేవారికి ఇంకో భారం ఉంది. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు మీటలు: మూడు హల్లులు, నడుమ రెండు పొల్లులు, చివర గుడిదీర్ఘం. ఖ, ధ, భ లాంటి వాటికీ, మాట మొదట్లో వచ్చే అచ్చులకూ షిఫ్ట్ పట్టి ఉంచాలి. ఆ చాకిరీ చిటికెన వేలిది. అది అందక మణికట్టునే పక్కకు తిప్పేస్తాం. రాతగాళ్ల చేతి బాధలు కొత్తవేం కావు. ఆగకుండా ఒకే తీరుగా కదిలే చెయ్యి వారిని బాధిస్తుందని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రామజీని 1713లోనే రాశాడు. అప్పుడు ఈకకలం, ఇప్పుడు అల్యూమినియం పలక.

అసలు ల్యాప్‌టాప్ ప్రయాణాల కోసం పుట్టిన వస్తువు. 2020లో లాక్‌డౌన్ వచ్చాక ఎన్నో ఇళ్లలో అదే రోజంతా పనిచేసే బల్ల అయింది. తెరా మీటలూ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కాబట్టి, మెడకు సుఖంగా ఎత్తు పెంచితే చేతికి కష్టం, చేతికి అనువుగా దించితే మెడకు కష్టం. విరుగుడు పెద్ద విద్యేం కాదు. ల్యాప్‌టాప్ కింద నాలుగు లావుపాటి పుస్తకాలు పెట్టి, విడిగా ఒక కీబోర్డు తగిలించుకోవడమే. దాని వెనక కాళ్లు లేపకూడదు, లేపితే మణికట్టు మళ్లీ వెనక్కే వంగుతుంది. సాధారణ కీబోర్డు వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది.

కొత్తగా చేరినవారికి ల్యాప్‌టాప్‌తోపాటు కంపెనీ పేరు అచ్చేసిన సంచీ కూడా ఇచ్చే ఆఫీసులు చాలానే ఉన్నాయి. కీబోర్డు అడిగితే మాత్రం దరఖాస్తు, మేనేజరు ఆమోదం, తర్వాత ఐటీ విభాగం చుట్టూ ప్రదక్షిణలు. పేజీకింత అని మాట్లాడుకుని ఇంటి దగ్గర టైపు చేసేవారికి ఆమోదించే మేనేజరు కూడా ఉండడు. చెయ్యి నొప్పెట్టిన రోజు వారికి పేజీలు తగ్గుతాయి, పేజీలతోపాటు డబ్బులూ.