మాటల ముచ్చట్లు: రైతు పేరు తిట్టెలా అయింది?



వేంసూరులో ఒక కుర్రవాడు ముఖం చిన్నబుచ్చుకుని నా దగ్గరకు వచ్చాడు. పట్నంలో కొత్తబడిలో ఎవడో వాణ్ణి "పల్లెటూరి బైతు" అన్నాడట. "మాస్టారూ, ఇంగ్లీషులో గట్టి తిట్టు ఒకటి చెప్పండి. రేపు వాడికి అప్పజెబుతాను" అన్నాడు.

నేను తిట్టు చెప్పలేదు, తిట్ల కథ చెప్పాను. మీరూ వినండి.

ముందు పిసినారి సంగతి. వాణ్ణి మనం "ఎంగిలి చేత్తో కాకినైనా తోలడు" అంటాము గదా! చేతికంటిన మెతుకు కాకికి దక్కుతుందేమోనని వాడి బెంగ. ఇంగ్లీషువాళ్ళు వాణ్ణి "స్కిన్‌ఫ్లింట్" అన్నారు. అంటే చెకుముకిరాయికి కూడా తోలు వలవజూసేవాడన్నమాట! వాళ్ళదే మరో మాట "మైజర్". ఇది లాటిను నుంచి వచ్చింది. అక్కడ దాని అర్థం దీనుడని. సంస్కృతంలోని "కృపణుడు" కూడా మొదట జాలిపడదగినవాడే. ఉండీ తిననివాడు, పెట్టనివాడు దీనుడే గదా!

ఇక మొరటువాడి సంగతి. ఇంగ్లీషులో "చర్ల్" అని పాతమాట ఒకటి ఉంది. వెయ్యేళ్ళ క్రితం దాని అర్థం, ఎవరికీ బానిసకాని సామాన్యరైతు అని. 1066లో నార్మన్లు ఇంగ్లాండును జయించిన తరువాత, అలాంటి రైతులు చాలామంది ప్రభువుల కింద వెట్టిపాలయ్యారు. రైతు దిగజారాడు, అతని పేరూ దిగజారింది. చివరకు "చర్ల్" అంటే మొరటువాడనీ, పిసినారి అనీ అర్థాలు వచ్చాయి. మొరటువాడికే మరో పేరు "బూర్"; డచ్చి భాషలో ఆ మాటకు రైతు అని అర్థం. సినిమాల్లో మీరు చూసే "విలన్" కూడా మొదట దొరగారి పొలంలో పనిచేసే పల్లెవాడే! పండించినవాడి పేరును, కూర్చుని తిన్నవాళ్ళు తిట్టుగా మార్చారు.

మనం మాత్రం తక్కువ తిన్నామా? నగరంలో ఉండేవాణ్ణి "నాగరికుడు" అన్నాము. ఊరివాళ్ళ మాటను "గ్రామ్యం" అని ఈసడించాము. జనం మాట్లాడే తెలుగులోనే పుస్తకాలు వ్రాయాలని గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పోరాడినప్పుడు, కొందరు పండితులు అన్నమాట అదే. ఆయన వెనుదీయలేదు. ఈ పేజీ మీకింత సులువుగా అర్థమవుతున్నదంటే, అందులో ఆయన పుణ్యం ఉంది.

ఇంతవరకూ విని మావాడు హుషారయ్యాడు. "సరే, నీవెప్పుడూ ఎవరినీ అలా అనలేదా?" అని అడిగాను. వాడు తల వంచుకున్నాడు. నిరుడు గూడెం నుంచి వచ్చిన పిల్లవాణ్ణి వాడే "అడవిమనిషి" అన్నాడట!

ఇంగ్లీషులో క్రూరుణ్ణి "సావేజ్" అంటారు. దాని మూలం లాటినులో అడవి అనే మాట. అడవిలో ఉండటమే తప్పయినట్టు! గిడుగువారు అలా అనుకోలేదు. సవరల భాషను వారివద్దే నేర్చుకుని, 1931లో దానికి వ్యాకరణం ప్రకటించారు.

"పట్నం వాడికేమి చెప్పను?" అన్నాడు కుర్రవాడు.

"మాది పల్లెటూరేనని నవ్వుతూ చెప్పు. కాని ముందు గూడెం పిల్లవాడి దగ్గరకు వెళ్ళు" అన్నాను.

మీరు కూడా ఒక పని చేయండి. మీ ఇంట్లో వినబడే తిట్లలో ఊరిపేరో, వృత్తిపేరో ఉన్నవెన్నో లెక్కపెట్టండి. వాటిని మానడం ఎవరు మొదలుపెడతారో, అమ్మానాన్నలను కూడా అడగండి.