ఫోన్‌లో కుదిరే సంబంధాలు – దాచే కుటుంబాలు



కిందటి నెల స్త్రీల సమాజం కూడిక అయ్యాక ఒక తల్లి నన్ను పక్కకు పిలిచి, "సిస్టర్ గారూ, మా అమ్మాయి ఫోన్‌లో డేటింగ్ యాప్ ఉందండి. ఏం చేయమంటారు?" అని గుసగుసగా అడిగారు. ఆవిడ ముఖం చూసి పిల్లకు ఏదో పెద్ద జబ్బు బయటపడిందేమో అనుకున్నాను. అమ్మాయికి 27 ఏళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం. "ఫోన్ లాక్కోకండమ్మా. పక్కన కూర్చోబెట్టుకుని ఎవరితో మాట్లాడుతోందో నెమ్మదిగా అడగండి" అన్నాను. నా జవాబు ఆవిడకు నచ్చలేదు. నచ్చకపోయినా అదే మాట ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మా రోజుల్లో సంబంధాలు పాస్టరమ్మ గారి దగ్గరే మొదలయ్యేవి. ఏ ఊళ్ళో ఏ సంఘంలో పెళ్ళికెదిగిన పిల్లలున్నారో ఆవిడకు తెలుసు. అబ్బాయి తాత బాప్తిస్మం ఎవరి చేతుల మీదుగా జరిగిందో కూడా తెలుసు! ఇప్పుడు పిల్లలు బెంగుళూరులో, గల్ఫ్‌లో, ఐర్లండులో ఉన్నారు. మా నర్సింగ్ పిల్లలైతే నైట్ డ్యూటీ చేసి పగలు పడుకుంటారు, ఆదివారం ఆరాధనకు రావడమే గగనం. 1990ల చివర్లో పెళ్ళి సంబంధాల వెబ్‌సైట్లు వచ్చాయి, 2012లో అమెరికాలో టిండర్ మొదలైంది, తర్వాత బంబుల్ లాంటివి మన దేశానికీ వచ్చాయి. తోడు వెతుక్కోవడానికి పిల్లలు వీటిని వాడితే అది పాపమని నేను అనను. తెలియకుండా వాడితే ప్రమాదమని మాత్రం గట్టిగా అంటాను.

ముందు ఒక తేడా తెలుసుకోవాలి. మాట్రిమొనీ సైట్లు పెళ్ళి కోసమే పెట్టినవి. వాటిలో చేరేవారి గుర్తింపును సరిచూడాలని, ఆ సైట్లు డేటింగ్ కోసం కాదని స్పష్టంగా రాయాలని కేంద్ర ప్రభుత్వం 2016 జూన్‌లో సూచనలు ఇచ్చింది. డేటింగ్ యాప్ అలాంటిది కాదు. అక్కడ స్నేహానికి వచ్చేవారుంటారు, కాలక్షేపానికి వచ్చేవారుంటారు, ఇంట్లో భార్యను పెట్టుకుని వచ్చేవారూ ఉంటారు. కనుక పెళ్ళి ఉద్దేశమే ఉంటే ఆ మాట మొదటి వారంలోనే చెప్పేయాలి. చెప్పగానే తప్పుకునేవారు తప్పుకోవడమే మంచిది. ఇంకొక సంగతి. ఫోటో పక్కన కనిపించే టిక్కు గుర్తును చూసి మోసపోవద్దు. సాధారణంగా ఆ మనిషి ముఖమూ ఫోటోలోని ముఖమూ ఒకటేనని మాత్రమే దాని అర్థం. ఉద్యోగం నిజమో కాదో, పెళ్ళయిందో లేదో ఆ టిక్కు చెప్పదు. మన సంఘాలలో చాలాచోట్ల పెళ్ళికి ముందు 3 ఆదివారాలు ప్రకటన చదివి అభ్యంతరం ఉంటే చెప్పమంటారు. యాప్‌లో ఆ ప్రకటన చదివేవారెవరూ లేరు.

నాకు తెలిసిన ఒక స్టాఫ్ నర్సు సంగతి చెబుతాను. ఆమె ఎవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. ముప్ఫయ్యేళ్ళు దాటాయి, తండ్రి లేడు, తమ్ముళ్ళను ఆమే చదివించింది. "లండన్‌లో సర్జన్‌ని" అంటూ ఒకతను పరిచయమయ్యాడు. రోజూ ఉదయం ప్రార్థన మెసేజ్ పంపేవాడు. నెల తిరిగేసరికి బంగారు గొలుసు పార్సిల్ పంపానన్నాడు. మర్నాడు కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నామని ఒకామె ఫోన్ చేసి సుంకం కట్టమంది. కట్టింది. మళ్ళీ జరిమానా అంది. గాజులు తాకట్టు పెట్టి అదీ కట్టింది. కస్టమ్స్ వారు ఫోన్ చేసి ఎవరి సొంత ఖాతాలోనో డబ్బు వేయమని అడగరని ఆమెకు చెప్పేవారు లేరు, ఎందుకంటే ఆమె ఎవరికీ చెప్పలేదు. రెండు నెలల తర్వాత నా దగ్గరకు వచ్చింది నిద్ర మాత్రల కోసం. "నిద్ర ఎందుకు పట్టడం లేదమ్మా?" అని అడిగితే అప్పుడు ఏడ్చింది.

ఆ మెసేజ్‌లు నేను చదివాను. ఆ సర్జన్ పొద్దున 9 నుంచి సాయంత్రం 5 వరకు గంటకోసారి జవాబిస్తున్నాడు. థియేటర్‌లో ఉన్న సర్జన్‌కు మంచినీళ్ళు తాగే తీరిక ఉండదని మాకు తెలియదా? మా డ్యూటీ రూములో ఒక్కరికి చూపించినా అయిదు నిమిషాల్లో పట్టేసేవాళ్ళం. ఎవరైనా ఇక్కడి డాక్టరునని చెబితే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. మెడికల్ కౌన్సిల్ రిజిస్టరులో ఇంటర్నెట్‌లోనే చూసుకోవచ్చు. ఏ దేశం డాక్టరైనా నిజమైనవాడికి కోపం రాదు.

చదువుకున్న అమ్మాయి ఎందుకు దాచింది? "ఈ వయసులో దీనికి పెళ్ళి పిచ్చి" అని సంఘంలో అంటారని భయపడింది. అలా అనేవారు మనలో ఉన్నారు, ఆ విషయం ఒప్పుకుందాం. నలభై దాటిన ఒక విధవరాలు తోడు కావాలనుకుంటే నవ్వుతాము, భార్య పోయిన మగవాడికి మాత్రం ఏడాది తిరగకుండా సంబంధాలు చూస్తాము. మోసగాడు ముందుగా అడిగేది కూడా "మన సంగతి ఎవరికీ చెప్పకు" అనే.

కనుక యాప్ వాడే పిల్లలకు నేను చెప్పేది ఇది. ఇంట్లోనో స్నేహితుల్లోనో ఒక్కరికైనా అన్నీ తెలిసి ఉండాలి. వీడియో కాల్‌లో ముఖం చూడకుండా నెలల తరబడి మాట్లాడవద్దు. ఇంటి చిరునామా, హాస్టలు పేరు, ఆధార్ కాపీ ఇవ్వవద్దు. మొదటిసారి కలిసేది పగలు, పదిమంది తిరిగే చోట. మీ బండి మీదనో ఆటోలోనో మీరే వెళ్ళి మీరే రండి. డబ్బు అడిగాడా, కారణం ఎంత జాలిగా ఉన్నా సరే, అక్కడితో ఆపేయండి. శరీరం కనిపించే ఫోటోలు ఎంత నమ్మినవారికైనా పంపవద్దు.

ఇప్పటికే పంపి ఉంటే, వాటిని చూపి బెదిరిస్తుంటే, డబ్బు కట్టవద్దు. ఒకసారి కడితే మళ్ళీ అడుగుతారు. మెసేజ్‌లు చెరిపేయకుండా ఉంచి 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు పోయిన వెంటనే చేస్తే ఆ సొమ్మును బ్యాంకులో నిలిపివేసే అవకాశం ఎక్కువ. మనసు మరీ కుంగిపోతే టెలి మానస్ నంబరు 14416, అది ఉచితం. తెలుగులో మాట్లాడతారు. కలవడానికి వెళ్ళిన చోట బలాత్కారం జరిగితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి రండి. అలాంటి వారికి వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని చట్టమే ఉంది, ప్రైవేటు ఆసుపత్రులకు కూడా వర్తిస్తుంది. హెచ్.ఐ.వి. సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపల మొదలుపెట్టాలి.

ఇక పెద్దలతో ఒక మాట. పిల్లలు యాప్‌లో అబద్ధాలకు మోసపోతారని భయపడతాము, మాట్రిమొనీలో మనం రాయించేదేమిటి? అబ్బాయి జీతం పెరుగుతుంది, చామనఛాయ తెలుపవుతుంది. అంతవరకు నవ్వుకోవచ్చు. జబ్బును దాచడం మాత్రం నేను సహించలేను. ఫిట్స్ ఉన్న అమ్మాయిలను ఎంతమందిని చూశానో! మూడేళ్ళుగా మాత్రలతో ఒక్క ఫిట్ కూడా రాకుండా ఉన్న పిల్ల, అత్తగారింట్లో మాత్రల పట్టీ బయటపడుతుందని మానేస్తుంది. ఉన్నట్టుండి మానేస్తే ఆగకుండా ఫిట్స్ వస్తాయి, ప్రాణానికే ముప్పు. కొన్ని మాత్రలు, ముఖ్యంగా వాల్‌ప్రోయేట్, కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. గర్భం రాకముందే డాక్టరు మార్చాలి. దాచిపెట్టిన పిల్ల ఏ డాక్టరు దగ్గరకు వెళ్తుంది? మందులు వాడుతూ పెళ్ళి చేసుకుని పిల్లలను కన్నవారు మన ఓపీలోనే ఉన్నారు. హిందూ వివాహ చట్టంలో పెళ్ళికి అడ్డంకిగా రాసిన మూర్ఛ అనే మాటను 1999లోనే తీసేశారు. మనం మాత్రం ఇంకా అక్కడే ఉన్నాము.

జబ్బు వివరాలు ప్రొఫైల్‌లో రాయనక్కరలేదు, అది ఊరంతా చూస్తుంది. మాటలు సాగి, రెండు కుటుంబాలు కలిశాక, ప్రధానానికి ముందు చెప్పాలి. షుగరు, థైరాయిడ్, డిప్రెషన్‌కు వాడే మందులు, అన్నీ. అబ్బాయి తాగుడు కూడా. ఇద్దరూ కలిసి హెచ్.ఐ.వి., హెపటైటిస్-బి, రక్తం గ్రూపు, తలసీమియా పరీక్షలు చేయించుకుంటే ఇంకా మంచిది. హెచ్.ఐ.వి. పరీక్ష ఐసీటీసీ కేంద్రాలలో ఉచితం, ఫలితం గోప్యంగా ఉంచుతారు.

రిబ్కా కోసం 10 ఒంటెలతో వెళ్ళిన అబ్రాహాము దాసుడు ఆమె ఎవరి కుమార్తె అని అడిగాడు, ఆ ఇంటికి వెళ్ళాడు, పెట్టిన భోజనం ముట్టకుండా ముందు తాను వచ్చిన పని చెప్పాడు. చివరికి వాళ్ళు అమ్మాయిని పిలిచి వెళ్తావా అని అడిగారు. మనలో ఎంతమంది పిల్లలను అడుగుతున్నాము?

ఆ స్టాఫ్ నర్సు మళ్ళీ యాప్‌లో చేరింది. ఈసారి మెసేజ్‌లు వాళ్ళ పెద్దమ్మకు, నాకు చూపిస్తోంది. ఇద్దరిని వద్దన్నాము, ఒకరితో మాటలు నడుస్తున్నాయి. మీలో ఎవరికైనా అలా చూపించేవారు లేకపోతే సాయంత్రం 4 తర్వాత నా గదికి రండి. తలుపు వేసుకునే మాట్లాడుకుందాం.