దర్జీ టేపుకి తెలిసిన షుగరు

అబిడ్స్‌లో ప్యాంటు కొలతలివ్వడానికి నిలబడ్డ నలభై ఏళ్ల మనిషి పొట్ట బిగబట్టుకుంటాడు. చేతులు సన్నం, కాళ్లు సన్నం. నడుం దగ్గర మాత్రం దర్జీ టేపు 36 అంగుళాలు చూపిస్తుంది. "లావు లేను కదా, నాకు షుగరెందుకొస్తుంది?" అనేది ఇలాంటివాళ్లే. తీరా వచ్చాక "మా వంశంలోనే ఉంది, ఏం చేస్తాం" అంటారు. రెండూ ప్రమాదకరమైన మాటలే. రెండోది మరీనూ.

మన మగవాళ్లకు నడుం కొలత 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటితే ముప్పు మొదలైనట్టే. ఆ 36 అంగుళాలు 90 దాటేశాయి.

పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ జంటగా దిగిన ఫొటో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. బీఎంఐ ఇద్దరిదీ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఆ ఫొటో ప్రతి ఆస్పత్రి గోడకీ తగిలించాలి. మనవాళ్లకు బీఎంఐ 23 నుంచే అధిక బరువని 2009లో మన వైద్యులే తేల్చారు. అయినా ఎన్నో పట్టికలు ఇంకా 25 దగ్గరే ఆగిపోయాయి.

జన్యువుల పాత్రను ఎవరూ కొట్టిపారేయలేరు. క్లోమం ఇన్సులిన్ విడుదల చేసే తీరును దెబ్బతీసే టీసీఎఫ్7ఎల్2 జన్యువులోని తేడాలను 2006లో ఐస్‌లాండ్‌ శాస్త్రవేత్తలు బయటపెట్టారు. అవి భారతీయుల్లోనూ గట్టిగా పనిచేస్తున్నాయని మరుసటేడాదే మన సీసీఎంబీలోని గిరిరాజ్ చాందక్ బృందం, పుణె వైద్యులు కలిసి చూపించారు. ఎఫ్‌టీఓ అనే జన్యువు కథ ఇంకా ఆసక్తికరం. యూరప్‌వాళ్లలో అది మనిషిని లావు చేసి, ఆ లావు దారిన షుగరు తెస్తుంది. మనవాళ్లలో ఆ ముప్పంతా బరువు లెక్కకు అందలేదు.

కానీ తాతల నాటి జన్యువులే కదా ఇవి! రెండు తరాల్లో అవి మారిపోలేదు. 2023లో ఐసీఎంఆర్ అధ్యయనం దేశంలో షుగరున్నవాళ్లు 10.1 కోట్లని లెక్కగట్టింది. ఆ భారమంతా వంశం మీదికి నెట్టేస్తే ఎలా?

జన్యువులు కాక ఇంకేముంది? ఒక జవాబు హైదరాబాద్ పక్కనే ఉంది. 1987 నుంచి 1990 దాకా జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడి 29 గ్రామాలను ఎంచుకుని, అందులో కొన్నిట్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టించింది. ఆ పిల్లలు పదమూడు, పద్దెనిమిదేళ్ల మధ్య వయసుకొచ్చాక పరీక్షిస్తే, ఉప్మా అందని ఊళ్ల పిల్లలకంటే 14 మిల్లీమీటర్ల పొడవు ఎక్కువ, ఇన్సులిన్ నిరోధకత తక్కువ. 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ఈ ఫలితాలు అచ్చువేసింది. తల్లీబిడ్డలు తిన్న పిడికెడు ఉప్మా బిడ్డ నెత్తురులో అన్నేళ్లు నిలిచింది! అంగన్‌వాడీలో గర్భిణికి దక్కాల్సిన గుడ్డు, పాలు ఒక్కపూట ఆగినా అది రేపటి షుగరు వార్డుకు వేసే బాటే.

ఇక డాక్టర్లు రోజూ అరగంట నడవమంటారు. ఎక్కడ నడవాలి? నాంపల్లి స్టేషన్ నుంచి అబిడ్స్ జీపీఓ దాకా రెండు కిలోమీటర్లైనా లేదు. ఆ కాస్త దూరంలోనే ఫుట్‌పాత్ మీద బైకులు, దుకాణాల మెట్లు, బోర్డులు. అడ్డం అనగానే అందరి కళ్లూ పాత పుస్తకాలవాళ్ల మీద పడతాయి. వాళ్లు పరుచుకునేది ఆదివారం, షాపుల షట్టర్లు దించి ఉన్నప్పుడు. మిగతా ఆరు రోజులూ దారి మూసేది వాళ్లు కాదు. జీహెచ్ఎంసీ ముందు ఆ బైకులు తీయించాలి. షుగరున్న పెద్దమనిషి సాయంత్రం ఆరింటికి, బస్సుల మధ్యకు దిగకుండా, స్టేషన్ నుంచి జీపీఓ చేరగలగాలి.