యోసేపును మరచిన పండుగ

పదహారేళ్లు నిండీ నిండని కుర్రాడు. తండ్రి సంఘంలో డీకను, తాత పాదిరి. అయినా ఆ కుర్రాడికి దేవుడంటే పట్టింపు లేదు. ఒకరోజు సముద్రపు దొంగలు ఊరి మీద పడ్డారు. ఎంతోమందితో పాటు అతణ్ణీ ఓడలో పరాయి దేశానికి పట్టుకుపోయి బానిసను చేశారు. అక్కడ ఆరేళ్లు గొర్రెలు కాశాడు. మంచులో, వానలో, కొండ మీద, అడవిలో పగలు నూరుసార్లు, రాత్రి దాదాపు అన్నిసార్లు ప్రార్థించేవాడినని తర్వాతి కాలంలో తానే రాసుకున్నాడు. పాదిరి గారి మనవడికి ఇంట్లో దొరకని దేవుడు చెరలో దొరికాడు.

ఆయన పేరు పాట్రిక్. బ్రిటన్‌లో పుట్టి, ఐర్లండ్‌లో బానిసగా బతికి, తప్పించుకుని ఇల్లు చేరాడు. కథ అక్కడితో ముగిస్తే అదొక సాక్ష్యం మాత్రమే అయ్యేది. కానీ ఒక రాత్రి కలలో ఐర్లండ్ ప్రజలు తమ మధ్యకు మళ్లీ రమ్మని బతిమాలుతున్న స్వరం ఆయనకు వినిపించింది. తనను బానిసను చేసిన ప్రజల దగ్గరకే సువార్త పట్టుకుని తిరిగి వెళ్లాడు. ఆయన చనిపోయిన రోజుగా చెప్పుకునే మార్చి 17ను ఐర్లండ్ ప్రజలు ఆయన పేరిట పండుగగా చేసుకుంటారు. 1903 నుంచీ అక్కడ అది ప్రభుత్వ సెలవు దినం.

ఈ రోజున ప్రపంచం ఏం చేస్తోంది? ఆకుపచ్చ బట్టలు, ఆకుపచ్చ టోపీలు, వీధుల్లో ఊరేగింపులు. అమెరికాలోని చికాగోలో 1962 నుంచీ నది నీళ్లకు కూడా ఆకుపచ్చ రంగు కలుపుతున్నారు. ఇవన్నీ సరదాలే, వీటితో ఎవరికీ పేచీ లేదు. కానీ సాయంత్రమయ్యేసరికి పండుగంతా పబ్బుల్లోకి చేరుతుంది. బీరుకూ ఆకుపచ్చ రంగే. మన దేశపు మహానగరాల్లో కూడా కొన్ని పబ్బులు ఆ రోజు పేరు చెప్పి ప్రత్యేక పార్టీలు పెడుతున్నాయి. శ్రమకాలంలో, నలభై రోజుల ఉపవాస ప్రార్థనల మధ్యలో పడే రోజిది. ప్రార్థనావీరుడి రోజు తాగుడు రోజుగా మారిపోయింది.

ఇది మొదటినుంచీ ఇలాగే ఉండేదా? లేదు. 1737 మార్చి 17న అమెరికాలోని బోస్టన్ నగరంలో ఐర్లండ్ నుంచి వలస వెళ్లిన ప్రొటెస్టెంట్లు కొందరు ఒక ధర్మసంఘం స్థాపించుకున్నారు. పరాయి గడ్డ మీద అనారోగ్యంతో, పేదరికంతో అవస్థపడే తమ దేశస్థులను ఆదుకోవడం దాని పని. 1762లో న్యూయార్క్‌లో ఊరేగింపు మొదలైంది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటకు తెగులు సోకి ఘోరమైన కరువు వచ్చింది. సుమారు పది లక్షల మంది చనిపోయారు, అంతకు మించిన జనం దేశం విడిచి వెళ్లారు. ఊరు వదిలిన ఆ జనానికి ఈ పండుగే ఊరి జ్ఞాపకం. ఇక ఐర్లండ్‌లోనైతే, 1920లలో చేసిన చట్టాల వల్ల 1960 దాకా మార్చి 17న మద్యం దుకాణాలు మూసే ఉండేవి. ఉదయం ఆరాధన, తర్వాత కుటుంబంతో భోజనం, అదీ పండుగ. పండుగను మద్యం మింగేయడం నిన్నమొన్నటి సంగతే.

'ఐర్లండ్ గొడవ మనకెందుకు? పైగా మనం ప్రొటెస్టెంట్లం, పరిశుద్ధుల పండుగలు ఆచరించేవాళ్లం కాదు కదా' అని ఎవరైనా అడగొచ్చు. పాట్రిక్‌ను క్యాథలిక్కులతో పాటు ప్రొటెస్టెంట్లూ తమవాడనుకుంటారు. ఐర్లండ్‌లోని ఆర్మా పట్టణంలో ఆయన పేరిట రెండు పెద్ద ఆలయాలున్నాయి, ఒకటి వారిది, ఒకటి వీరిది. మనకు వాక్యం బోధించి వెళ్లినవారిని జ్ఞాపకం చేసుకుని వారి విశ్వాసాన్ని అనుసరించమని హెబ్రీ పత్రిక (13:7) చెబుతోంది. అది ఆరాధన కాదు, కృతజ్ఞత. మన సంఘాలే చూడండి. 1805లో విశాఖపట్నంలో దిగిన లండన్ మిషనరీలు, 1870లలో వచ్చిన కెనడియన్ బాప్టిస్టులు సముద్రాలు దాటి రాకపోతే శ్రీకాకుళంలో, బొబ్బిలిలో, విజయనగరంలో మన పెద్దలకు సువార్త అందేదా?

అయితే పాట్రిక్ మనవాడు కావడానికి అంతకంటే దగ్గర కారణం ఒకటుంది. మనది వలసల నేల. మన తాతలు 'రంగం' పోయేవారు. అంటే రంగూన్. అక్కడి ఓడరేవులో బరువులు మోసి, ధాన్యం మిల్లుల్లో చెమటోడ్చి ఇంటికి డబ్బు పంపేవారు. ఇప్పుడు రంగం బదులు హైదరాబాద్, చెన్నై, గుజరాత్ తీరం. చదువుకున్న పిల్లలైతే బెంగళూరు, అమెరికా, ఆఖరికి పాట్రిక్ నడిచిన ఐర్లండ్ కూడా.

2018 నవంబరు మాట గుర్తుచేసుకోండి. శ్రీకాకుళం జిల్లా డి.మత్స్యలేశం నుంచి, విజయనగరం జిల్లా తీర గ్రామాల నుంచి గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్లిన మన మత్స్యకారులు ఇరవై మందికి పైగా పాకిస్తాన్ జలాల్లోకి వెళ్లారని అక్కడి అధికారులకు చిక్కారు. కరాచీ జైలులో ఏడాదికి పైగా గడిపారు. 2020 జనవరి 6న ఇరవై మంది వాఘా సరిహద్దు దాటి వచ్చారు. ఆ కథ ఆధారంగా 2025లో 'తండేల్' సినిమా వచ్చాక లోకానికి తెలిసింది కానీ, ఆ పద్నాలుగు నెలలూ మన తీరంలోని ఆడవాళ్లు మోసిన బరువు దేవుడికే తెలుసు. వాళ్లు బతుకుతెరువు కోసం వెళ్లి చిక్కారు, పాట్రిక్‌ను దొంగలు ఎత్తుకుపోయారు. తేడా ఉంది. కానీ సముద్రం అవతల చెరలో ఉన్న కొడుకు, ఇవతల ఒడ్డున కళ్లు కాయలు కాచేలా చూసే తల్లి, ఈ చిత్రం మాత్రం ఒకటే.

ఇప్పుడు మన పండుగల మాటకొద్దాం. డిసెంబరు నెలాఖరులో వలస పిల్లలంతా ఇంటికొస్తారు. ఊరు కళకళలాడుతుంది. క్రిస్మస్ తెల్లవారుజామున క్యారల్స్ పాడిన గొంతులే ఆ రాత్రి తోటలో సీసాల మధ్య వినిపిస్తున్నాయి. 31వ తేదీ రాత్రి గుడిలో తల్లిదండ్రులు వాచ్ నైట్ సర్వీసులో మోకాళ్ల మీద ఉంటే, కొడుకులు హైవే పక్కన కొత్త సంవత్సరానికి 'స్వాగతం' పలుకుతున్నారు. కొన్ని పెళ్లిళ్లలో పాస్టరు గారు ప్రార్థన చేసి వెళ్లగానే రెండో విందు మొదలవుతోంది. ఏడాదంతా ఇనుప చువ్వలు వంచి, వలలు లాగి కూడబెట్టిన డబ్బు వారం రోజుల్లో మందు దుకాణానికి చేరితే, తిరుగు ప్రయాణానికి మళ్లీ అప్పే. సంక్రాంతి కాదు, మన పండుగ ఇది. ఎవరినో వేలెత్తి చూపడానికి లేదు. ఐర్లండ్ పండుగకు పట్టిన చీడే మన పండుగకూ పడుతోంది.

'కానా పెళ్లిలో ప్రభువు ద్రాక్షారసం ఇవ్వలేదా? సంతోషపడటం పాపమా?' అనే ప్రశ్న మన యువత దగ్గర సిద్ధంగా ఉంటుంది. మంచి ప్రశ్నే. సంతోషం పాపం కాదు. మొహం మాడ్చుకోవడం భక్తీ కాదు. కానీ కానాలో ప్రభువు తీర్చింది ఒక పేద పెళ్లింటి అవమానాన్ని. ఆయన ఆ ఇంటి పరువు నిలిపాడు. మన సీసాలు ఇంటి పరువు నిలుపుతున్నాయా, తీస్తున్నాయా? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకున్న పేద స్త్రీలు సారా మీద తిరగబడ్డారు. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని ఎత్తేశారు. చట్టం వస్తుంది, పోతుంది. ఆ తల్లుల కన్నీళ్లు మాత్రం ఏ వేదాంత చర్చకైనా సరైన జవాబే.

ఆమోసు ప్రవక్త (6:6) తన కాలపు విందులను చూసి ఒక మాట అన్నాడు. పాత్రలకొద్దీ ద్రాక్షారసం తాగుతూ, శ్రేష్ఠమైన పరిమళ తైలం పూసుకునేవారు యోసేపు సంతతికి వచ్చిన కష్టం గురించి మాత్రం బాధపడరట. ఈ మాట చదివితే ఆదికాండం 37వ అధ్యాయం గుర్తుకు రాకమానదు. తమ్ముణ్ణి గోతిలో పడేసి, అన్నలు పక్కనే కూర్చుని భోజనం చేశారు. దేవుడికి బాధ కలిగించేది భోజనం కాదు, గోతిలోని తమ్ముణ్ణి మరచిన భోజనం.

మద్యం ముందుగా చేసే పని అదే, మరపించడం. పాట్రిక్ తన చెరను మరచిపోలేదు. కొరోటికస్ అనే బ్రిటన్ పాలకుడి సైనికులు, తాను అప్పుడే బాప్తిస్మమిచ్చిన విశ్వాసులను కొందరిని చంపి, మిగిలినవారిని బానిసలుగా పట్టుకుపోయారు. వారిని విడిపించమని పాట్రిక్ పంపిన మనుషులను చూసి ఆ సైనికులు నవ్వారు. అప్పుడాయన వారి దుర్మార్గాన్ని బట్టబయలు చేస్తూ ఒక లేఖ రాశాడు. అది ఈ రోజుకీ నిలిచి ఉంది. చెర రుచి తెలిసినవాడు గనుకనే చెరలో ఉన్నవారి కోసం అలా మండిపడ్డాడు. మీరూ వారితో కూడా బంధించబడినట్టే బంధకాల్లో ఉన్నవారిని తలచుకోండని హెబ్రీ పత్రిక (13:3) చెప్పేది ఈ సంగతే.

మరి పండుగ ఎలా చేసుకోవాలి? నెహెమ్యా (8:10) దారి చూపించాడు. ధర్మశాస్త్రం విని ఏడుస్తున్న జనాన్ని ఏడవొద్దన్నాడు. వెళ్లి కొవ్విన మాంసం తినమన్నాడు, మధురమైనది తాగమన్నాడు, ఏమీ వండుకోలేని వారికి వంతులు పంపమన్నాడు. ఆ చివరి మాటలోనే పండుగ ఉంది. వంతు పంపే విందులో మత్తుకు చోటుండదు, ఎందుకంటే తరువాతి ఇంటి గుమ్మం గుర్తుండాలి కదా.

మన సంఘాలు దీన్ని చేసి చూపించొచ్చు. క్రిస్మస్‌కు ఇల్లు చేరలేకపోయిన వలస కూలీల కుటుంబాల జాబితా ప్రతి సంఘం రాసుకోవాలి. యూత్ సభ్యులు క్యారల్స్‌కు ముందుగా ఆ ఇళ్లకే వెళ్లాలి. స్త్రీల సమాజం వారు వాళ్లకు ఒక పూట ప్రేమవిందు పెట్టాలి. 31 రాత్రి సర్వీసులో యువకులను వెనక బెంచీలో కూర్చోబెట్టి వారిని మందలించే ప్రసంగం చేసే బదులు, వేదిక మీదికి పిలిచి వారి ఏడాది కష్టం చెప్పించండి. గోడు వినేవారు లేక సీసా పట్టినవాళ్లు కొందరైనా ఉంటారు. వచ్చే మార్చి 17న పరాయి దేశంలో ఉన్న మీ పిల్లలకు ఫోన్ చేయండి. తాగొద్దని గద్దించి పెట్టేయకుండా, ఆ రోజు ఎవరిదో, ఆ గొర్రెల కాపరి ఏం చేశాడో చెప్పండి.

ఎత్తుకుపోయిన జనాన్నే ప్రేమించి తిరిగి వచ్చిన బానిస ఆయన. మనల్ని ప్రేమించి దాసుని రూపం ధరించి వచ్చిన ప్రభువుకు శిష్యుడు. అలాంటివారిని తలచుకోవడానికి తెలివిలో ఉండాలి. పక్క ఇంటి యోసేపు గోతిలోంచి పిలిస్తే వినిపించడానికీ తెలివిలోనే ఉండాలి.